గద్దలా ఎగరాలంటే తూనీగ లాగాలి!

వైశాఖపు ఎండలో, మిట్టమధ్యాహ్నం వేళ, పెనుగంచిప్రోలు పొలిమేరలో నిలబడి మునేటి అవతలి చేలపైకి చూస్తే గద్దలు తిరుగుతూ కనిపిస్తాయి. అవి రెక్క కొట్టవు. చాచిన రెక్క చాచినట్టే ఉంచి, గిరగిరా తిరుగుతూ పైపైకి పోతాయి. దుక్కి దున్ని వదిలేసిన నల్లరేగడి ఎండకు కాగి, దాని మీది గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. లేచే ఆ గాలినే గద్ద పట్టుకుంటుంది. అదే గాలి నేల దగ్గర దుమ్మునూ, ఎండుటాకులనూ చుట్టుకుని లేస్తే మనం సుడిగాలి అంటాం. గొడ్లు కాచే కుర్రవాడికి సైతం తెలిసిన సంగతే ఇది.

ఈ గద్ద విద్యను మనిషి కూడా నేర్చాడు. హ్యాంగ్ గ్లైడర్ అనేది అల్యూమినియం గొట్టాల చట్రానికి గట్టి గుడ్డ బిగించిన పెద్ద రెక్క. దాని కింద మనిషి పట్టీలతో బోర్లా వేలాడుతూ ఎగురుతాడు. ఇంజన్ ఉండదు, చుక్కాని ఉండదు. ఎదురుగా ఉన్న కమ్మీ పట్టుకుని ఒంటి బరువును కుడికి జరిపితే కుడికీ, ఎడమకు జరిపితే ఎడమకూ తిరుగుతుంది. ఒళ్లు ముందుకు లాక్కుంటే వేగం పెరుగుతుంది, వెనక్కి నెట్టుకుంటే తగ్గుతుంది.

కొండ ఉంటే అంచు నుంచి పరుగెత్తి గాలిలోకి దూకవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లోని బిల్లింగ్‌లో 1984లో జరిగిన అంతర్జాతీయ హ్యాంగ్ గ్లైడింగ్ ర్యాలీకి అక్కడి కొండలే ఆధారం. మరి నందిగామ, జగ్గయ్యపేట తాలూకు మెట్ట చేల లాంటి బల్లపరుపు నేల మీద ఏం చేయాలి? గద్ద అయితే చెట్టు కొమ్మ మీది నుంచి నాలుగు రెక్కలు కొట్టి గాలిని అందుకుంటుంది. మనిషిని ఎవరో ఒకరు పైకి లాగి వదలాలి. ఆ పనికి పుట్టినదే టగ్ విమానం. దాన్ని నడపడం ఎలా నేర్చుకుంటారన్నదే ఈ వ్యాసం. బలమైన ఇంజన్ చేతికి ఇచ్చి, ఆ బలాన్ని వెనక ఉన్నవాడి కొలతకు తగ్గించి వాడమనే విచిత్రమైన చదువు ఇది.

అరటి తోట గుడ్డతో మొదలు

గాలిలో తేలే ప్రయత్నం కొత్తది కాదు. జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంతాల్ 1891 నుంచి స్వయంగా కట్టుకున్న రెక్కలతో గుట్టల మీది నుంచి దాదాపు 2,000 సార్లు ఎగిరి, 1896లో కింద పడి మరణించాడు. అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్‌ట్రూడ్ 1948లో, వంగే గుడ్డ రెక్కను తయారుచేశారు. తొలి నమూనాకు వారు వాడింది వంటింటి కిటికీ తెర!

ఆ రెక్క కింద మనిషిని వేలాడదీసి, బరువు జరుపుకుంటూ తిప్పే ఏర్పాటు చేసినవాడు ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్ పట్టణానికి చెందిన జాన్ డికిన్సన్. 1963లో ఆయన కట్టిన రెక్కకు కప్పింది అరటి గెలలకు తొడిగే ప్లాస్టిక్ కాగితం. దాన్ని నది మీద మోటారు పడవకు తాడు కట్టి లాగారు. అంటే నేటి హ్యాంగ్ గ్లైడర్ పుట్టుకే తాడు చివర జరిగిందన్నమాట. ఆస్ట్రేలియాకే చెందిన బిల్ మోయిస్, బిల్ బెన్నెట్ ఆ విద్యను దేశదేశాలకూ తీసుకుపోయారు.

1975లో అమెరికాలో జాన్ మూడీ ఇలాంటి రెక్కకు చిన్న ఇంజన్ బిగించి ఎగిరాడు. అల్ట్రాలైట్ అనే తేలిక విమానాల శకం అక్కడి నుంచి మొదలైంది. అవి ఎంత తేలికంటే, అమెరికా ప్రభుత్వం 1982లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇంజన్ ఉన్న ఒంటి సీటు అల్ట్రాలైట్ ఖాళీ బరువు 254 పౌండ్లు, అంటే సుమారు 115 కిలోలు మించరాదు. దానికంటే మన ఇళ్లలోని మోటారు సైకిలే బరువు.

తూనీగ ఎందుకు కావాల్సి వచ్చింది?

పెద్ద గ్లైడర్లను లాగే మామూలు విమానాలు గంటకు 100 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతాయి. హ్యాంగ్ గ్లైడర్‌ను ఆ వేగంతో లాగితే కింద వేలాడే మనిషి దాన్ని అదుపులో ఉంచలేడు. అతనికి అనువైన వేగం 50, 60 కిలోమీటర్ల మధ్య. జాతీయ రహదారి మీద బస్సు అంతకన్నా జోరుగా పోతుంది. అంత నెమ్మదిగా పోతూ కూడా గాలిలో నిలబడాలి, వెనక ఒక మనిషినీ రెక్కనూ ఈడ్చాలి, ఆపైన ఎత్తుకు ఎక్కాలి. నెమ్మదీ, బలమూ రెండూ ఒకే విమానంలో ఉండాలి.

మామూలు అల్ట్రాలైట్‌కు నెమ్మది ఉంది కానీ బలం లేదు. ఈ చిక్కును విడదీసినవాడు అమెరికన్ రూపశిల్పి బాబీ బెయిలీ. ఆయన రూపొందించగా మోయిస్ సంస్థ తయారుచేసిన విమానం పేరు డ్రాగన్‌ఫ్లై, అంటే తూనీగ. గొట్టాలు, గుడ్డ, పెద్ద రెక్క, తలుపులు లేని ముందు సీటు, తోక కింద చిన్న చక్రం. ఆస్ట్రియా దేశపు రోటాక్స్ కంపెనీ ఇంజన్లు దీనికి బిగిస్తారు. తొలి తరం విమానాల్లో వాడిన 582 రకం రెండు స్ట్రోకుల ఇంజన్‌కు దాదాపు 65 గుర్రాల బలం ఉంటుంది. తరువాత వచ్చిన 912 రకంలో 80, 100 గుర్రాల ఇంజన్లున్నాయి. మన చేలో తిరిగే ట్రాక్టర్లు చాలావరకు 35 నుంచి 50 గుర్రాల లోపువే. అంతకు మించిన బలాన్ని ఇద్దరు మనుషులు చేతులతో నెట్టుకుపోగల విమానానికి తగిలించారు!

1990వ దశకంలో ఫ్లోరిడాలోని చదును నేల మీద ఈ విమానాలతోనే హ్యాంగ్ గ్లైడింగ్ బడులు వెలిశాయి. 2013లో ఆస్ట్రేలియాలోని ఫోర్బ్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలు కూడా కొండల మధ్య కాదు, పొలాల నడుమ జరిగినవే.

మొదటి పాఠాలు నేల మీదే

టగ్ నేర్చుకోవడానికి వచ్చేవాడు అప్పటికే ఏదో ఒక విమానం నడిపినవాడై ఉంటాడు. అయినా అతనికి మొదటి గండం నేల మీదే ఎదురవుతుంది. తోక చక్రం విమానంలో బరువు పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ఎడ్లను విప్పేసి బండిని వెనక్కి నెట్టిచూడండి, నొగలు ఏదో ఒక పక్కకు తిరిగిపోవాలని చూస్తాయి. ఈ విమానానిదీ అదే గుణం. దిగి పరుగెడుతున్నప్పుడు ముక్కు కాస్త పక్కకు తిరిగితే, వెంటనే పాదంతో సరిచేయకపోతే, గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది. దానికి తోడు పూర్తి బలం ఒక్కసారిగా ఇస్తే పంకా తిరిగే ధాటికే ముక్కు పక్కకు లాగుతుంది. అందుకని పాదాలు ఒక్క క్షణం కూడా ఏమరకూడదని శిక్షకులు పదేపదే చెబుతారు.

తరువాతి పాఠం ఇంజన్. రెండు స్ట్రోకుల ఇంజన్ సంగతి లూనా, రాజ్‌దూత్ నడిపిన పెద్దలకు తెలుసు. 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె కలపాలి. చల్లగా ఉన్న ఇంజన్‌ను వెంటనే పూర్తిగా తిప్పితే పిస్టన్ ముందు వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది, రెండూ పట్టేసుకుంటాయి. రోడ్డు మీద అయితే బండి ఆగుతుంది, దిగి నెట్టుకుపోవచ్చు. గాలిలో ఆ వీలు లేదు. అందుకే వేడి ముల్లు సరైన చోటికి వచ్చేదాకా ఎంతమంది వరుసలో నిలబడి ఉన్నా కదలకపోవడం టగ్ చోదకుడి ధర్మం.

మూడోది ఇంజన్ ఆగితే ఏం చేయాలన్నది. పెద్ద విమానానికి బరువు వల్ల వచ్చిన ఊపు కొంతసేపు నిలుస్తుంది. తూనీగకు ఆ ఊపు లేదు. ముక్కు పైకెత్తి ఎక్కుతుండగా ఇంజన్ ఆగిందంటే రెండు మూడు లెక్కలు పెట్టేలోపే వేగం పోతుంది. ఆలోచించకుండా ముక్కు కిందికి దించడం చేతికి అలవాటై ఉండాలి. శిక్షకుడు చెప్పాపెట్టకుండా ఇంజన్ తగ్గించి, మళ్లీ మళ్లీ ఈ పరీక్ష పెడతాడు. వెనుదిరిగి బయల్దేరిన చోటికే రావాలన్న ఆశ చాలామంది చోదకులను బలిగొంది. ఎదురుగా ఉన్న చేనే దిక్కని మనసుకు నేర్పాలి.

లేని తాడును ఉన్నట్టు తలచి

ఇక అసలు విద్య. తాడు కట్టకముందే కట్టినట్టు ఎగరడం నేర్పుతారు. పూర్తి బలంతో ఇంజన్ మోగుతుంటే, ముక్కు దించితే విమానం రివ్వున పోతుంది, ఎత్తితే నిట్టనిలువుగా ఎక్కాలని చూస్తుంది. శిక్షకుడు ఈ రెండూ వద్దంటాడు. వేగం చూపే ముల్లును 55 దగ్గర నిలిపి, అటు రెండు ఇటు రెండు దాటకుండా, ఎత్తుకు పోయేవరకూ పట్టి ఉంచమంటాడు. మలుపు తిరిగితే రెక్కను కొద్దిగానే వంచమంటాడు. చూసేవారికి ఇది చాలా సులువుగా కనిపిస్తుంది. చేసేవాడికి చెమటలు పడతాయి.

మన ప్రాంతపు తిరునాళ్లలో బండలాగుడు పందెం చూసినవారికి బలమైన ఎద్దు అంటే ముక్కుతాడు తెంచుకునేలా ముందుకు దూకే ఎద్దే గుర్తొస్తుంది. టగ్‌కు అలాంటి ఎద్దు పనికిరాదు. కొత్త కోడెకు కాడి మరపాలంటే రైతు దానికి పందెపు ఎద్దును జత కట్టడు. నెమ్మదస్తురాలైన ముసలి ఎద్దును జత కడతాడు. కోడె తడబడితే అది ఆగుతుంది, కోడె నిలదొక్కుకున్నాకే అడుగు వేస్తుంది. టగ్ చోదకుడు ఆ పెద్ద ఎద్దులా ఉండాలి.

శిక్షణలోని వరుస కూడా దీన్నే చెబుతుంది. మొదట శిక్షకుడు విమానంలో వెంట ఉండగా, ఆరితేరిన గ్లైడర్ పైలట్‌ను మాత్రమే లాగనిస్తారు. విమానంలో కొత్తవాడున్నప్పుడు తాడు చివర పాతవాడు ఉండాలన్న లెక్క అది. తరువాత ఇద్దరు వేలాడే బరువైన గ్లైడర్. ఎన్నో లాగుళ్లు అయ్యాకే, రెండు వైపులా కొత్తవాళ్లు పడకుండా చూసుకుంటూ, విద్యార్థులను అప్పగిస్తారు.

అయిదు సెకన్ల దూరం

తాడు పొడవు సుమారు 75 మీటర్లు. గ్లైడర్‌ను చిన్న చక్రాల బండి మీద ఉంచి, పైలట్ దాని మీద బోర్లా పడుకుంటాడు. టగ్ కదులుతుంది. తేలిక రెక్క కాబట్టి గ్లైడర్ ముందే గాలిలోకి లేస్తుంది, విమానం ఇంకా నేల మీదే పరుగెడుతూ ఉంటుంది. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. గ్లైడర్ తొందరపడి పైకి పోతే తాడు విమానం తోకను పైకి లాగుతుంది. తోక లేస్తే ముక్కు నేలకు దిగుతుంది. ఎత్తులో అయితే సర్దుకోవచ్చు, నేల పక్కన సర్దుకునే చోటు లేదు.

విమానం లేచాక ఇంకో చిక్కు. టగ్ ఒక్కసారిగా పైకి పోతే గ్లైడర్ కింద మిగిలిపోయి, పంకా విసిరే సుడిగాలిలో చిక్కుకుంటుంది. అందుకని లేచిన వెంటనే ఎక్కకుండా, నేలబారుగా కాస్త దూరం పోయి, వేగం కుదిరాక నిదానంగా ఎత్తు పట్టాలి.

ఇంకా పైకి పోయాక వేడి గాలులు ఎదురవుతాయి. గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. 75 మీటర్ల తాడు అంటే అయిదు సెకన్ల దూరం. లేచే గాలి ముందు టగ్‌ను తాకి పైకి ఎగదోస్తుంది. గ్లైడర్ కిందే ఉండిపోతుంది. అయిదు సెకన్ల తరువాత అదే గాలి గ్లైడర్‌ను ఎత్తుతుంది, అప్పటికి టగ్ దాన్ని దాటి కిందికి జారుతూ ఉంటుంది. ఇప్పుడు తనకు జరిగింది ఇంకో అయిదు లెక్కపెట్టేసరికి వెనకవాడికి జరుగుతుందని టగ్ చోదకుడికి గుర్తుండాలి. టగ్‌కు ఉన్న అద్దంలో వెనకవాడు కనిపిస్తుంటాడు. వెళ్లే దారి ఎంత చూడాలో ఆ అద్దమూ అంతే చూడాలి.

గ్లైడర్ ఒక పక్కకు ఒరిగి, తాడు ఇంకో పక్కకు లాగుతుంటే, కొంత దూరం దాటాక ఎంత బరువు జరిపినా అది తిరిగి రాదు. వెంటనే తాడు వదలాలి. వదిలే మీట గ్లైడర్ పైలట్ దగ్గరా ఉంటుంది, టగ్ చోదకుడి దగ్గరా ఉంటుంది. టగ్ రెక్కలు ఊపితే తక్షణం వదలమని అర్థం. అతడు వదలకపోతే టగ్ చోదకుడే వదలాలి. తక్కువ ఎత్తులో వదిలితే వెనకవాడికి దెబ్బ తగలవచ్చు. వదలకపోతే ఇద్దరూ పోవచ్చు. ఆ నిర్ణయానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. ఇంతసేపు నేర్చుకున్నదంతా ఈ ఒక్క క్షణంలో చేయి తడబడకుండా ఉండడానికే.

ఫ్యూజు తీగ లాంటి దారం

మనుషులు తప్పు చేస్తారని ఎరిగి తాడులోనే ఒక బలహీనమైన దారపు ముడి పెడతారు. దీన్ని వీక్ లింక్ అంటారు. బోరు మోటారు స్టార్టరులో ఫ్యూజు తీగ ఏ పని చేస్తుందో ఇదీ అదే పని చేస్తుంది. లాగుడు హద్దు మీరితే ముందు ఇది తెగుతుంది. అమెరికా నిబంధన ప్రకారం గ్లైడర్ వైపు ముడి తెగే బలం గ్లైడర్ మొత్తం బరువులో 80 శాతానికి తగ్గరాదు, రెండింతలకు మించరాదు. మనిషితో కలిపి 120 కిలోలు అనుకుంటే 96 కిలోల నుంచి 240 కిలోల లోపు అన్నమాట. టగ్ వైపు కూడా ఒక ముడి ఉంటుంది. అది మొదటిదాని కన్నా కాస్త గట్టిది, అయినా 25 శాతం మించి గట్టిది కారాదు. ఎందుకీ తేడా? టగ్ వైపు ముందు తెగితే 75 మీటర్ల తాడు గ్లైడర్‌కు వేలాడుతుంది. చెట్టుకో తీగకో తగులుకుంటే పైవాడి పని అంతే. గ్లైడర్ వైపు తెగితే తాడు టగ్‌తో పోతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టి మోటారు కాల్చుకున్న రైతులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వీక్ లింక్ తెగితే మళ్లీ వరుసలో నిలబడాలి, మళ్లీ లాగించుకోవాలి. అందుకని గట్టి దారం కట్టుకుందామన్న ఆశ గ్లైడర్ పైలట్లలోనూ ఉంది. వద్దనే హక్కూ బాధ్యతా టగ్ చోదకుడివి.

వదిలాక పని అయిపోదు

సుమారు 600 మీటర్ల ఎత్తులో, గాలి లేచే చోటు చూసి, గ్లైడర్ తాడు వదులుతుంది. ఒకరు కుడికీ ఒకరు ఎడమకూ తిరిగి విడిపోతారు. గద్ద గాలిని అందుకుంటుంది, తూనీగ దిగుతుంది. ఇంతసేపూ వేడెక్కిన ఇంజన్‌ను ఒక్కసారిగా తగ్గించి దిగితే అది హఠాత్తుగా చల్లబడి దెబ్బతింటుంది, కాబట్టి మెల్లగా తగ్గించాలి. వెనక తాడు ఇంకా వేలాడుతోందని మరవకూడదు. విమానం దాటిన కరెంటు తీగను తాడు దాటకపోవచ్చు. దిగాక ఇంకో గ్లైడర్ సిద్ధంగా ఉంటుంది. మంచి గాలి ఉన్న రోజున ఇలా పదులసార్లు ఎక్కి దిగాలి. పైన గంటల తరబడి తిరిగే సరదా ఎవరిదో, ఈ ఎక్కడం దిగడం ఎవరిదో పాఠకులే గ్రహించగలరు.

ఇందుకు అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్స్ ఒక్కటే చాలదు. లాగడానికి వాడే తరగతి విమానంలో సారథిగా 100 గంటలు ఎగిరి, ప్రత్యేక శిక్షణ పొంది, అర్హుడైన పైలట్ వెంట ఉండగా కనీసం 3 సార్లు లాగి చూపాలి. ఆ తరువాత కూడా ప్రతి 24 నెలల వ్యవధిలో 3 సార్లు అర్హుడి ముందు లాగి ఉండాలి. లేదా 3 సార్లు తానే గ్లైడర్‌లో కూర్చుని తాడు వెనక ఎగిరి ఉండాలి. లాగేవాడికి తాడు రెండో చివర ఏముంటుందో తెలిసి ఉండాలని చట్టమే గుర్తించిందన్నమాట.

మన పిల్లలకు దారి ఏది?

2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన మన మండలం నుంచి ఇలాంటి విద్య అందని మావిపండు అనిపించవచ్చు. తొలి మెట్టు మాత్రం మరీ దూరాన లేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లకు శిక్షకుడి పక్కన కూర్చుని మైక్రోలైట్ నడిపే అవకాశం ఉంది. ఈ అవసరానికీ, వైమానిక, నౌకా దళాలకూ కలిపి 194 తేలిక విమానాలు కొనడానికి 2015లో స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ సంస్థతో ఒప్పందం జరిగింది. ఇంజన్ లేని గ్లైడర్ నేర్చుకోవాలంటే పుణేలోని హడప్సర్‌లో 1950లో నెలకొన్న గ్లైడింగ్ సెంటర్ పేరున్నది. పదో తరగతి పాసై, 16 ఏళ్లు నిండి, వైద్య పరీక్షలో నెగ్గితే విద్యార్థి పైలట్ లైసెన్స్‌కూ, 17 ఏళ్లు నిండి కనీసం 40 గంటలు ఎగిరితే ప్రైవేటు పైలట్ లైసెన్స్‌కూ అర్హత వస్తుంది. సొంతంగా రెక్క కట్టుకుని, చేలో ఇంజన్ బిగించి ఎగరడం మాత్రం నేరమూ, ప్రాణాంతకమూ కూడా.

తేలిక విమానాలతో భారతీయులు సాధించినది తక్కువేమీ కాదు. 1988లో పారిశ్రామికవేత్త విజయ్‌పత్ సింఘానియా ఇంగ్లండ్ నుంచి భారత్‌కు మైక్రోలైట్‌లో ఒంటరిగా 23 రోజుల్లో వచ్చారు. 2007లో వైమానిక దళ వింగ్ కమాండర్లు రాహుల్ మోంగా, అనిల్ కుమార్ మైక్రోలైట్‌లో 80 రోజుల లోపే భూమిని చుట్టివచ్చారు. అలాంటి వారి పేర్లు పత్రికలకెక్కుతాయి. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఇతరులను పైకి చేర్చి, తాను ఖాళీ తాడుతో దిగివచ్చే టగ్ చోదకుడి పేరు రికార్డు పుస్తకంలో ఉండదు. ఆనాడు ఎగిరినవారంతా సాయంత్రానికి తమ కాళ్ల మీద ఇంటికి నడిచి వెళ్లారా లేదా అన్నదే అతని పనికి కొలత.